తిరుమలలో కలిసి, మెయ్‌నూత్‌లో విడిపోయిన హేతువులు

డబ్లిన్ నగరానికి పడమరగా సుమారు 25 కిలోమీటర్ల దూరంలో, కిల్డేర్ కౌంటీలో, మెయ్‌నూత్ అనే చిన్న పట్టణం ఉంది. అక్కడి విశ్వవిద్యాలయం వల్ల, పక్క ఊరు లీక్స్‌లిప్‌లోని ఇంటెల్ కర్మాగారం వల్ల ఆ పేరు నేటి తెలుగువారికి అంత కొత్తది కాదు. 1845 వసంతకాలంలో మాత్రం అది బ్రిటన్ అంతటా కలహానికి మారుపేరుగా వినబడింది. ఆ ఊళ్ళోని కాథలిక్ గురువుల శిక్షణాలయానికి ప్రభుత్వం ఏటేటా ఇచ్చే సొమ్మును పెంచాలన్న ప్రతిపాదనకు వ్యతిరేకంగా పార్లమెంటుకు 10 వేలకు పైగా విజ్ఞాపనలు, వాటిపై 12 లక్షలకు పైగా సంతకాలు చేరాయి. అధికార పక్షం రెండుగా చీలింది. ఒక మంత్రి పదవి వదులుకున్నాడు.

వివాదమంతా ఒక ప్రశ్న చుట్టూ తిరిగింది. ఒక మతసంస్థకు రాజ్యపోషణ దక్కాలంటే ఏ నియమం తీరి ఉండాలి? ఆ మతం సత్యమై ఉండటమా, ప్రజలు దానిని కోరి ఉండటమా, లేక మరేదైనానా? సరిగ్గా రెండేళ్ళ ముందు, 1843లో, ఇదే ప్రశ్న తిరుమల ఆలయ పాలన విషయంలో తీర్పు దాకా వచ్చి ముగిసింది. ఆ రెండు సందర్భాలలోనూ నడిచిన వాదాలను పక్కపక్కన పెట్టి చూస్తే, రెండు వాదాలు నిజంగా ఒకే అచ్చులో పోసినవా, పైకి మాత్రమే అలా కనిపిస్తున్నాయా అన్నది ఎలా తేల్చాలో తెలుస్తుంది.

అన్నంభట్టు కొలబద్ద

ఈ పరిశీలనకు కావలసిన పనిముట్లు తెలుగువారికి దూరమైనవి కావు. 17వ శతాబ్దికి చెందిన ఆంధ్ర పండితుడు అన్నంభట్టు రచించిన తర్కసంగ్రహం, న్యాయవైశేషిక శాస్త్రాలలోకి అడుగుపెట్టే విద్యార్థికి నేటికీ తొలి పాఠ్యగ్రంథం. కొండమీద పొగ కనిపించింది కనుక అక్కడ నిప్పు ఉందని చెప్పే ప్రసిద్ధమైన అనుమానాన్ని అది ఐదు అవయవాలుగా విడదీస్తుంది: ప్రతిజ్ఞ, హేతువు, ఉదాహరణ, ఉపనయం, నిగమనం. వీటిలో మూడవది, నాల్గవది ఇక్కడ ముఖ్యం. ఉదాహరణగా వంటఇంటిని చూపాలి. అక్కడ పొగ, నిప్పు కలిసి ఉండటం అందరూ ఎరిగినదే. ఉపనయంలో, ఈ కొండ కూడా ఆ వంటఇంటి వంటిదేనని చెప్పాలి. అంటే పోలికను గుర్తించడం న్యాయశాస్త్రంలో అలంకారం కాదు. అది వాదానికి అంగం. కొండకూ వంటఇంటికీ ఇతరత్రా ఏ సామ్యమూ లేకపోయినా, పొగకూ నిప్పుకూ గల సంబంధం ఒకటే అయితే చాలు.

ఆ సంబంధానికి పేరు వ్యాప్తి. పొగ వ్యాప్యం, నిప్పు వ్యాపకం. నేటి గణిత పాఠ్యపుస్తకాల పరిభాషలో చెప్పాలంటే పొగ ఉండటానికి నిప్పు ఆవశ్యక నియమం. నిప్పు ఉందని తేల్చడానికి పొగ పర్యాప్త నియమం. నిప్పులేని మడుగులో పొగ ఉండదన్న వ్యతిరేక దృష్టాంతం ఇదే సంబంధాన్ని రెండో వైపునుంచి చూపుతుంది. అయితే ఈ దారిలో వెనక్కి నడవకూడదు. నిప్పు ఉంది కనుక పొగ ఉంటుందని వాదించేవారికి శాస్త్రం ఎర్రగా కాలిన ఇనుప గుండును చూపుతుంది. అందులో నిప్పుంది, పొగ లేదు. పొగ రావాలంటే నిప్పుతో పాటు తడి కట్టె కూడా కావాలి. చెప్పకుండా వదిలేసిన ఆ తడి కట్టెకు శాస్త్రం పెట్టిన పేరు ఉపాధి.

వంటఇల్లు, మడుగు, ఇనుప గుండు: ఈ మూడింటితో మెయ్‌నూత్ వివాదాన్ని కొలవవచ్చు.

9 వేల పౌన్ల నుంచి 26 వేలకు

సెయింట్ పాట్రిక్ కళాశాల 1795లో, ఐరిష్ పార్లమెంటు చేసిన చట్టంతో ఏర్పడింది. అంతకుముందు ఐర్లండ్ కాథలిక్ గురువులు ఐరోపా ఖండంలోని సెమినరీలలో చదివేవారు. ఫ్రెంచి విప్లవంతో ఆ సెమినరీలలో పెక్కు మూతబడ్డాయి. విప్లవ భావాలు తలకెక్కించుకున్న గురువులు తిరిగి వస్తారన్న భయం ప్రభుత్వానికి, మతానికే ముప్పన్న భయం బిషప్పులకు కలిగాయి. ఆ రెండు భయాలూ కలిసి మెయ్‌నూత్‌ను కట్టాయి. 1801లో ఐర్లండ్ పార్లమెంటు బ్రిటిష్ పార్లమెంటులో విలీనమైన తర్వాత కూడా గ్రాంటు కొనసాగింది. 1840ల నాటికి అది ఏడాదికి సుమారు 9 వేల పౌన్లు. భవనాలు పాడుబడ్డాయి, విద్యార్థులు ఇరుకు గదుల్లో కిక్కిరిసి ఉండేవారు.

1845 ఏప్రిల్‌లో ప్రధానమంత్రి రాబర్ట్ పీల్ ఆ గ్రాంటును 26,360 పౌన్లకు పెంచి, ఏటా సభ ఆమోదానికి రానవసరం లేకుండా శాశ్వతం చేసి, భవనాలకు మరో 30 వేల పౌన్లు ఇచ్చే బిల్లు తెచ్చాడు. నాటి ఐర్లండ్ జనాభాలో సుమారు 80 శాతం కాథలిక్కులు. అధికారిక మతం మాత్రం ఆంగ్లికన్ చర్చిది. దాని అనుయాయులు జనాభాలో తొమ్మిదో వంతు మాత్రమే. ఆ చర్చి పోషణకు దశమభాగం భారాన్ని మోసిన రైతులలో అత్యధికులు కాథలిక్కులే.

బిల్లును వ్యతిరేకించినవారి వాదాన్ని విడదీసి రాస్తే ఇలా ఉంటుంది. రాజ్యం ఒక మతాన్ని పోషించాలంటే ఆ మతం సత్యమై ఉండటం ఆవశ్యకం. రోమన్ కాథలిక్ మతం సత్యం కాదు. కనుక రాజ్యం దానిని పోషించరాదు. ఆకారం దృష్ట్యా ఇందులో లోపం లేదు. నిప్పులేని మడుగులో పొగ లేదన్న వాక్యం ఎంత గట్టిదో ఈ నిగమనమూ అంతే గట్టిది. ఆవశ్యకమైనది లోపించినప్పుడు దాని మీద ఆధారపడినదీ లోపిస్తుంది. కనుక ఈ వాదాన్ని ఎదిరించదలచినవారు ఆకారాన్ని తప్పుపట్టి లాభం లేదు. మొదటి వాక్యాన్నే పరీక్షించాలి. ఆ పరీక్షకు సాధనం, అదే వాక్యాన్ని మరో చోటికి ఎత్తుకుపోవడం.

ఆ మరో చోటు దగ్గరలోనే ఉంది. అదే రాజకిరీటం కింద ఇంగ్లండులో ఎపిస్కోపల్ చర్చి, స్కాట్లండులో ప్రెస్బిటీరియన్ చర్చి అధికారిక చర్చిలుగా ఉండేవి. రెండింటి సిద్ధాంతాలూ ఒకేసారి సంపూర్ణ సత్యాలు కాజాలవు. ఐర్లండ్ ప్రెస్బిటీరియన్ బోధకులకు రేజియం డోనం అనే రాజదత్తం రెండవ చార్లెస్ కాలం నుంచి అందుతూనే ఉంది. సత్యమే ఆవశ్యకమైతే వీటిలో కొన్ని ఎప్పుడో ఆగి ఉండాలి. మెయ్‌నూత్‌కు 9 వేలు ఇవ్వడానికి అడ్డురాని మనస్సాక్షి 26 వేల దగ్గర ఎందుకు అడ్డొచ్చిందన్నది సమర్థకులు వేసిన మరో ప్రశ్న. పాపమే అయితే, మొత్తం చిన్నదైనంత మాత్రాన అది పుణ్యం కాదు.

గ్యాస్ కంపెనీ, పసిపిల్లల బడి

ఈ విధమైన ఖండనకు బాట వేసినవాడు థామస్ బాబింగ్టన్ మెకాలే. భారతదేశం నుంచి 1838లో ఇంగ్లండు చేరిన అతడు, మరుసటి ఏడు ఏప్రిల్‌లో ఎడిన్‌బరా రివ్యూ పత్రికలో ఒక దీర్ఘ సమీక్ష రాశాడు. సమీక్షకు గురైన గ్రంథం, రాజ్యానికీ చర్చికీ గల సంబంధంపై యువకుడైన విలియం గ్లాడ్‌స్టన్ 1838లో వెలువరించినది. అధికారం చలాయించే ప్రభుత్వానికి అంతరాత్మ ఉంటుందనీ, కనుక అది ఒక మతాన్ని స్వీకరించి ప్రచారం చేయవలసిందేననీ గ్లాడ్‌స్టన్ సిద్ధాంతం. మెయ్‌నూత్ గ్రాంటును కూడా ఆ గ్రంథం ఆక్షేపించింది.

మెకాలే ఆ సూత్రాన్ని ప్రభుత్వం మీదినుంచి తీసి ఇతర సంఘాల మీద పెట్టి చూశాడు. మనుషులు కలిసి అధికారం నడిపే ప్రతిచోటా మతస్వీకారం విధి అయితే, సైన్యాలకూ వాణిజ్య సంఘాలకూ అదే విధి కావాలి. ప్రొటెస్టంటు మార్ల్‌బరో, కాథలిక్ యూజీన్ కలిసి నడిపిన సేనలు యుద్ధం గెలవక ముందే మతం కోసం విడిపోవలసి వచ్చేది. పనిలో పనిగా బ్యాంకు కూడా నడిపే చిత్రకళా పరిషత్తు, పసిపిల్లల బడి కూడా నడిపే గ్యాస్ కంపెనీ ఎలా ఉంటాయో ఊహించమని అతడు పాఠకులను కోరాడు. ఆ గ్యాస్ కంపెనీ వీధి దీపాలనూ సరిగా వెలిగించదు, పిల్లలకూ సరిగా చదువు చెప్పదు.

ఈ ఖండన బలం హాస్యంలో లేదు. గ్లాడ్‌స్టన్ చూపిన హేతువు ‘అధికారం కలిగి ఉండటం’. ఆ హేతువు గ్యాస్ కంపెనీలోనూ ఉంది. హేతువు ఉండి సాధ్యం లేని చోటును చూపితే వ్యాప్తి తెగిపోతుంది. కాలిన ఇనుప గుండు చేసే పని అదే. గ్లాడ్‌స్టన్‌కు మిగిలిన దారి, ప్రభుత్వంలో ఉండి గ్యాస్ కంపెనీలో లేని విశేషమేదో చెప్పడం. అప్పుడు అసలు హేతువు ఆ విశేషమే అవుతుంది.

ఆ గ్రంథంలో భారతదేశ ప్రస్తావన కూడా ఉంది. అక్కడ ఇంగ్లీషు ప్రభుత్వం బలవంతంతో కాక ప్రజలతో చేసుకున్న స్వేచ్ఛాపూర్వక ఒడంబడిక మీద నడుస్తోందనీ, అందువల్ల మతప్రచార విధి అక్కడ అదే తీరున వర్తించదనీ గ్లాడ్‌స్టన్ భావం. ఆ ఒడంబడిక ఎక్కడుందో చూపమని, భారతదేశంలో ఉన్నత పదవి నిర్వహించి వచ్చిన మెకాలే నిలదీశాడు. సూత్రం ఒక చోట ఇబ్బంది పెట్టినప్పుడు అక్కడికి మాత్రమే సరిపడే మినహాయింపు కల్పించడం, సూత్రం బలహీనతకు తొలి గుర్తు.

1843: తిరుమల

భారతదేశంలో మాత్రం అప్పటికి ఈస్టిండియా కంపెనీ మీద వేరొక ఒత్తిడి నడుస్తోంది. 1801లో ఆర్కాటు నవాబు భూభాగాలతో పాటు తిరుమల ఆలయ పాలన కంపెనీ చేతికి వచ్చింది. 1817 నాటి మద్రాసు 7వ రెగ్యులేషన్ దేవాదాయాల పర్యవేక్షణను రెవెన్యూ బోర్డుకు అప్పగించింది. తిరుమలలో కలెక్టరు అజమాయిషీలో కానుకల లెక్కలు, సేవల క్రమం, ఉద్యోగుల విధులు నిర్ణయమయ్యేవి. ఖర్చులు పోగా మిగిలిన ఆదాయం కంపెనీ ఖజానాకు చేరేది.

క్రైస్తవ ప్రభుత్వం విగ్రహారాధనకు తోడ్పడరాదన్న ఆందోళన ఇంగ్లండులో పెరిగింది. ఆలయాల పాలన నుంచి తప్పుకోవాలని కంపెనీ డైరెక్టర్లు 1833లో ఆదేశించినా అమలు ఆలస్యమైంది. మద్రాసు సేనాధిపతి పెరిగ్రిన్ మెయిట్లండ్ ఈ విషయమై 1838లో రాజీనామా చేశాడు. చివరకు 1843లో తిరుమల పాలన హథీరాంజీ మఠం మహంతుల చేతికి వెళ్ళింది.

ఈ ఆందోళనకు, మెయ్‌నూత్ వ్యతిరేకోద్యమానికి మనుషులూ వేదికలూ చాలావరకు ఉమ్మడి. కంపెనీ వాటాదారుల సభలో యాత్రికుల పన్నుకు వ్యతిరేకంగా ఏళ్ళ తరబడి పోరాడిన జాన్ పాయిండర్, రోమన్ కాథలిక్ ఆచారాలకూ ప్రాచీన అన్యమతాచారాలకూ పోలికలు చూపుతూ 1835లో లేఖలు ప్రచురించాడు. లండనులోని ఎక్సెటర్ హాల్ రెండు ఉద్యమాల సభలకూ వేదిక. వీరి దృష్టిలో తిరుమలకూ మెయ్‌నూత్‌కూ భేదం లేదు. అసత్యానికి రాజ్యం చేయి కలపరాదు, రెండూ అసత్యాలే, కనుక రెండింటి నుంచీ చేయి తీయాలి. ఒప్పుకున్న సూత్రాన్ని వర్తించే ప్రతిచోటా వర్తింపజేయడంలో వీరికి పూర్తి నిలకడ ఉంది.

అయితే తిరుమల నుంచి కంపెనీ తప్పుకోవాలన్నవారందరి హేతువూ ఇదే కాదు. 1843 మార్చి 9న, సోమనాథ ద్వారాల విషయమై గవర్నర్ జనరల్ ఎలెన్‌బరో వెలువరించిన ప్రకటనను ఖండిస్తూ కామన్స్ సభలో మెకాలే ప్రసంగించాడు. భారతదేశంలో ప్రభుత్వం మతాల మధ్య తటస్థంగా ఉండాలనీ, ఆలయ వ్యవహారాలను ప్రజలకే వదిలివేయాలనీ అతడి వాదం. తిరుమల విషయంలో ఈ తర్కం ఇచ్చే ఫలితమూ పాయిండర్ కోరిన ఫలితమూ ఒకటే. ఆ ఒక్క సందర్భాన్నే చూసినవారికి ఇద్దరి హేతువూ ఒకటేనని తోచడం సహజం.

రెండేళ్ళకు మెయ్‌నూత్ ఆ రెండింటినీ విడదీసింది. సత్యం ఆవశ్యకమన్నవారు బిల్లును ఎదిరించారు. తటస్థత ఆవశ్యకమన్న మెకాలే 1845 ఏప్రిల్ 14న బిల్లును సమర్థిస్తూ ప్రసంగించాడు. ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జిల సంపదలో పెద్ద భాగం ఒకప్పటి కాథలిక్ దాతలు ఇచ్చినదేనని గుర్తుచేసి, ఆ వైభవం పక్కన మెయ్‌నూత్ దైన్యాన్ని నిలబెట్టి చూపాడు. కంపెనీ తిరుమలలో తప్పుకుంటే ఆలయ ఆదాయం ఆలయానికే మిగులుతుంది, భక్తులకు నష్టం లేదు. ఐర్లండులో రాజ్యం అప్పటికే అల్పసంఖ్యాకుల చర్చిని అందరి సొమ్ముతో పోషిస్తోంది. అక్కడ కాథలిక్కులకు మాత్రమే చేయి ముడవడం తటస్థత కాదు, పక్షపాతం. తటస్థత అనే ఒకే హేతువు, పరిస్థితి వేరైనందువల్ల, ఒక చోట తప్పుకొమ్మని, మరో చోట ఇమ్మని చెప్పింది.

రెండు వాదాలు సమాంతరమా కాదా అని తేల్చడానికి నిగమనాలు కలవడం ఒక్కటే చాలదని ఈ చరిత్ర చూపుతుంది. నిగమనాలు వేరైనంత మాత్రాన హేతువు వేరనీ చెప్పలేము.

1835 నాటి పత్రం

మెకాలే నిలకడను అతడి సొంత కొలబద్దతోనే కొలవడం న్యాయం. తెలుగునాట అతడి పేరు వినగానే గుర్తుకొచ్చేది 1835 ఫిబ్రవరి 2 నాటి విద్యా పత్రం. సంస్కృత, అరబ్బీ విద్యల మీద ప్రభుత్వ ధనం వెచ్చించరాదని అందులో అతడు వాదించాడు. అంతవరకూ ఇస్తూ వచ్చాం కనుక ఇకపైనా ఇవ్వాలన్న వాదానికి అతడు చెప్పిన జవాబు ఒక పోలిక. ఆరోగ్యకరమనుకొని ఒక చోట ప్రభుత్వం ఆరోగ్యకేంద్రం కడితే, ఆ చోటు అనారోగ్యకరమని తేలిన తర్వాత కూడా అక్కడే నడపాలా?

ఇదే మనిషి 1845లో, మెయ్‌నూత్‌కు ఇవ్వడమన్న సూత్రం ఎప్పుడో అంగీకరించినదే కదా అన్న పక్షాన నిలిచాడు. పైకి ఇది స్పష్టమైన వైరుధ్యం. విడదీసి చూస్తే కాదు. గత దానం భవిష్యద్దానానికి పర్యాప్తం కాదని 1835 వాదం. 9 వేలు ఇవ్వడానికి ఒప్పుకున్న మనిషి 26 వేలను పాపమనలేడని 1845 వాదం. మొదటిది ప్రభుత్వ కర్తవ్యం గురించి, రెండవది ప్రత్యర్థి నిలకడ గురించి. విషయం ఒకటే అయినా ఆకారాలు వేరు.

1835 పత్రంలోని మరో వాదానికి మాత్రం ఈ రక్షణ దొరకదు. సంస్కృతం చదివే విద్యార్థులకు ప్రభుత్వమే భృతి ఇవ్వవలసి వస్తోంది, ఇంగ్లీషు చదివేవారు తామే రుసుము చెల్లిస్తున్నారు. కనుక సంస్కృత విద్యకు నిజమైన గిరాకీ లేదని అతడు తేల్చాడు. రుసుము చెల్లించడం గిరాకీకి ఆవశ్యక లక్షణమన్నది ఇందులోని అంతర్లీన సూత్రం. దానిని మెయ్‌నూత్‌కు తీసుకువస్తే ఏమవుతుంది? అక్కడి విద్యార్థుల పోషణకూ రాజ్యమే సొమ్ము ఇచ్చేది. అంతమాత్రాన ఐర్లండ్ కాథలిక్కులకు గురువులు అక్కరలేదని ఎవరూ అనలేరు. రుసుము లేనిది గిరాకీ లేక కాదు, బీదరికం వల్ల. అంతకుమించి, పూర్వం ఉన్న ఆస్తులు చేజారినందువల్ల. మెయ్‌నూత్ కోసం మెకాలే చూపిన ఈ కారణం, ఇనాములూ రాజాశ్రయాలూ కోల్పోయిన సంస్కృత పాఠశాలలకు ఎందుకు వర్తించలేదో అతడు చెప్పలేదు. ఇక్కడ రెండు వాదాల ఆకారం ఒకటే. అతడు వదలని సూత్రాన్ని అతడి రెండో ప్రసంగమే తెంచింది.

మెయ్‌నూత్ పక్షాన నిలిచినందుకు అతడూ మూల్యం చెల్లించాడు. 1847 ఎన్నికలలో ఎడిన్‌బరా అతడిని ఓడించిన కారణాలలో ఆ ఓటు ఒకటి.

నిప్పు ఉంది, పొగ లేదు

బిల్లు రెండవ పఠనంలో 323 – 176 ఓట్లతో నెగ్గింది. పీల్ స్వపక్షీయుల్లో దాదాపు సగం మంది వ్యతిరేకించగా, విగ్గుల మద్దతు దానిని గట్టెక్కించింది. మెయ్‌నూత్‌లో పెద్ద చతురస్రాకార భవన సముదాయం వాస్తుశిల్పి అగస్టస్ ప్యూజిన్ రూపకల్పనలో లేచింది.

పీల్ ఆశించింది భవనాలు మాత్రమే కాదు. గురువులను అవమానకరమైన పేదరికంలో ఉంచినంతకాలం ఐర్లండులో శాంతి రాదని అతడు గ్రహించాడు. ఆ గ్రహింపు సరైనదే; గౌరవం శాంతికి ఆవశ్యకం. గౌరవిస్తే శాంతి వస్తుందన్న ఆశ మాత్రం అదే వాక్యాన్ని వెనక్కి నడిపించినది. అదే ఏడాది శరత్కాలంలో ఆలుగడ్డ తెగులు ఐర్లండును తాకింది. భూమి కౌలు, ఆకలి, వలస అన్న ప్రశ్నల ముందు గ్రాంటు తెచ్చిన సద్భావం నిలవలేదు. 1846 జూన్‌లో పీల్ ప్రభుత్వం పడిపోయింది. చట్టసభ లెక్కలోకి తీసుకోని ఉపాధి రైతు కమతంలో ఉంది.

గ్లాడ్‌స్టన్ రెండు నిర్ణయాలు

1845లో రాజీనామా చేసిన మంత్రి గ్లాడ్‌స్టనే. బిల్లు తన గ్రంథానికి విరుద్ధం కనుక మంత్రివర్గంలో ఉండి దానిని సమర్థించడం తగదన్నాడు. బయటికి వచ్చాక బిల్లుకు అనుకూలంగానే ఓటు వేశాడు. సమకాలికులకు ఇది అర్థంకాని చేష్ట. తర్కం దృష్ట్యా చూస్తే ఇందులో ఒక క్రమం ఉంది. పాత సూత్రాన్ని ప్రకటించినవాడు దాని మూల్యం చెల్లించి వెళ్ళాడు. ఆ సూత్రం ఇక నిలవదని గుర్తించినవాడు ఓటు వేశాడు. రెండు పనులూ ఒకే మనిషి చేశాడు.

మిగిలిన పని 1869లో, ప్రధానమంత్రి హోదాలో పూర్తిచేశాడు. ఆ ఏటి ఐరిష్ చర్చి చట్టం 1871 ఆరంభం నుంచి ఐర్లండులో ఆంగ్లికన్ చర్చి అధికారిక హోదాను రద్దు చేసింది. దానితో పాటే ప్రెస్బిటీరియన్ల రాజదత్తం, మెయ్‌నూత్ గ్రాంటు కూడా పరిహారం చెల్లించి ముగించింది. 1845లో తటస్థత అంటే అందరికీ ఇవ్వడమైతే, 1869లో ఎవరికీ ఇవ్వకపోవడమైంది.

తిరుమల కథ ఇందుకు ఎదురుగా నడిచింది. 1843లో తప్పుకున్న రాజ్యం, మహంతుల పాలనపై వ్యాజ్యాలు నడిచిన మీదట, 1933 నాటి మద్రాసు చట్టంతో దేవస్థానం కమిటీ రూపంలో తిరిగి వచ్చింది. ఆ చట్టాన్ని కోరినవారిలో ఎవరూ మతసత్యాన్ని హేతువుగా చూపలేదు. ఆలయ ధనానికి జవాబుదారీతనం ఉండాలన్నది వారి హేతువు. ఆ హేతువును ఇతర మతసంస్థలకు వర్తింపజేయాలా వద్దా అన్న చర్చ నేటికీ వేడిగానే ఉంది. ఆ చర్చలో దిగేవారు ముందుగా తేల్చుకోవలసింది, తాము ఏ నియమాన్ని ఆవశ్యకమంటున్నారో, అది తమకు నచ్చని చోట కూడా వర్తించినప్పుడు ఒప్పుకుంటారో లేదో. ఒప్పుకోలేనివారికి గ్లాడ్‌స్టన్ నడిచిన దారి ఒకటి మిగిలే ఉంది: సూత్రాన్ని వదులుకోవడం, వదులుకున్నామని పైకి చెప్పడం.